స్టీరింగ్ బరువు

బొల్లాపల్లి నుంచి వినుకొండ వచ్చే దారిలో, వాగు వంతెనకు ముందున్న మలుపులోకి టవేరా దిగీ దిగగానే సబీహా చేతుల్లో స్టీరింగు మొరాయించింది. ఎదురుగా మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తుగా పేర్చుకుని ఒక ట్రాక్టరు వస్తోంది. ఆమె రెండు చేతులూ స్టీరింగుకు ఒకేవైపు వేసి, సీట్లోంచి సగం పైకి లేచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. బానెట్ కింద ఏదో గేదె మూలిగినట్టు మూలిగింది. చక్రాలు ఇష్టం లేకుండానే తిరిగాయి. ట్రాలీ అంచు సైడు అద్దాన్ని మడతపెట్టి మరీ పోయింది. ట్రాక్టరు మీది మనిషి వెనక్కి తిరిగి ఏదో అరిచాడు. అందులో ‘ఆడోళ్ళు’ అన్న ముక్కొక్కటే ఆమెకు వినపడింది.

వంతెన దాటాక బండి పక్కకు తీసి ఆపింది. 

వెనక సీట్లో హనుమయ్య ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడి చెయ్యి కాపు కాసి కూర్చున్నాడు. ఆసుపత్రిలో డయాలిసిస్ సూదులు గుచ్చేది ఆ చేతికే. దానికి దెబ్బ తగిలితే రక్తం శుభ్రం చేసే దారే మూసుకుపోతుందని డాక్టర్లు చెప్పినప్పటినుంచి ఆయన ఆ చేతిని పసిబిడ్డలా మోస్తున్నాడు.

“ఏంది అమ్మాయ్, మళ్ళీనా?”

“మళ్ళీనే పెదనాన్నా.”

“నిన్న మీ మరిది బాగుచేశానన్నాడుగా?”

“చేశాడు. కొత్త పైపు వేశానన్నాడు.”

“మరి ఈ మూలుగేంది?”

సబీహా దిగి బానెట్ ఎత్తింది. స్టీరింగు ఆయిలు పోసే చిన్న డబ్బా అడుగంటిపోయి ఉంది. పంపు కింద నుంచి ఎర్రటి నూనె ఇంజను పక్కగా జారి రోడ్డు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. సీటు కింద నుంచి ఆయిలు బాటిలు తీసి, డబ్బా మూతి తుడిచి, చున్నీ కొంగు తగలకుండా భుజం మీదికి విసురుకుని పోసింది. స్టార్ట్ చేసి స్టీరింగు అటూ ఇటూ తిప్పింది. మూలుగు తగ్గింది. ఈపూరు దాకా వస్తుందనుకుంది. వచ్చింది.

ఈపూరులో ఝాన్సీలక్ష్మి రోడ్డు మీదికే వచ్చి నిలబడి ఉంది. ఆమెకు ముందు సీటు. ఎక్కుతూనే మడతపడిన అద్దాన్ని చేత్తో సరిచేసింది.

“ఏందే డ్రైవరమ్మా, ముద్దులాడొచ్చావా లారీతో?”

“ట్రాక్టరుతో అక్కా.”

ఝాన్సీలక్ష్మి జాకెట్లు కుట్టేది. ఇప్పుడు కుట్టు మిషను మీద గంట కూర్చుంటే కాళ్ళు ఉబ్బుతాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఆమె, హనుమయ్య నరసరావుపేట వెళ్ళి ఆసుపత్రిలో నాలుగేసి గంటలు యంత్రానికి అతుక్కుని పడుకోవాలి. ఈ ఇద్దరి కోసమే పోయిన ఏడాది సబీహా భర్త జావీద్ టవేరా కట్టేవాడు. వానాకాలంలో జావీద్‌కు పక్షవాతంతో కుడివైపు పడిపోయాక సబీహా కడుతోంది.

నరసరావుపేట చేరేసరికి ఆమె కుడి భుజంలో నరం పట్టేసింది. ఆసుపత్రి ఆవరణలో బండి వెనక్కి తీయడానికి ఇంకో డ్రైవరు తన బండి దిగి వచ్చి, అడక్కుండానే కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకున్నాడు.

“ఇట్టాంటి దాన్ని ఎట్టా తోలతన్నావమ్మా?” అన్నాడు.

* * *

మంగళవారం సాయంత్రం మోయిన్ వచ్చాడు. జావీద్ తమ్ముడు. మార్కాపురం రోడ్డులో అతనికి మెకానిక్ షెడ్డు ఉంది. ఇంటి ముందు బండి కింద అట్టముక్క పరుచుకుని దూరాడు. సబీహా పక్కనే గొంతుక్కూర్చుని టార్చి పట్టుకోబోయింది.

“నువ్వెందుకు భాభీ, మట్టిలో. లోపలికి పో. చాయ్ పెట్టు.”

ఆమె చాయ్ పెట్టి తెచ్చేసరికి అతను బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ వసారాలో అన్న మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

“పైపు కాదు భాభీ. పంపే పోయింది. ఇప్పటికి బిగించా. ఎన్నాళ్ళుండిద్దో చెప్పలేను.”

“పంపు మార్చు.”

“ఎక్కడ దొరికిద్ది? కంపెనీవాళ్ళు దేశమే వదిలిపెట్టి పోయారు. పాత సామాను కోసం గుంటూరంతా తిరిగినా లేదు.” చాయ్ గ్లాసు అందుకుని, దాన్నే చూస్తూ అన్నాడు, “మగోడు తోలినా చేతులు పడిపోతాయి దీంతో. అమ్మేద్దాం భాభీ. ఒంగోలు వాడొకడు అడుగుతున్నాడు.”

సబీహా జావీద్ వైపు చూసింది. అతను గోడకు ఆనుకుని, ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ మూస్తూ ఉన్నాడు. డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజు.

“మీరేమంటారు?”

“నేననేదేముంది. చెయ్యి చూసుకో, ఎట్టా అయిందో.” మాట కొంచెం ముద్దగా వస్తుంది అతనికి. “ఆపెయ్యరాదూ.”

“పెదనాన్న, ఝాన్సక్క?”

“వాళ్ళు ఇంకో బండి చూసుకుంటారు. ఊళ్ళో బండ్లు లేవా?”

అన్నం తిన్నాక అతను ఆమెను మంచం అంచున కూర్చోమన్నాడు. నొప్పుల మందు డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమ చేత్తో మూత తీశాడు. భుజం మీద మందు రాసి, బొటనవేలితో నరం వెంబడి కిందికి, మళ్ళీ పైకి, చాలాసేపు మర్దనా చేశాడు. జబ్బు చేశాక అతను ఆమెకు చేసిన పని ఏదన్నా ఉంటే ఇదే. సబీహా కళ్ళు మూసుకుంది. ఈ మనిషి కోసమన్నా ఆపేద్దామా అని మొదటిసారి అనిపించింది.

తీరా బుధవారం తెల్లారి బయటికి వచ్చేసరికి టవేరా కింద అట్టముక్క ఎర్రగా నానిపోయి ఉంది. రాత్రికి రాత్రి డబ్బాలో ఆయిలంతా దిగిపోయింది. బాటిల్లో అడుగున మిగిలిన కాస్త ఆయిలు పోసింది. వీధి చివర తిరిగేలోపే పంపు కీచుమని కేకలు పెట్టింది, స్టీరింగు చచ్చుబడింది. ఎదురింటివాళ్ళు నెడితే బండిని మళ్ళీ ఇంటి ముందుకు చేర్చింది. ఆయిలు అమ్మే షాపులు ఇంకా తెరవలేదు. మోయిన్ ఫోను ఎత్తలేదు. ఎవరెవరికో చేసింది. పెళ్ళిళ్ళ రోజులు, బండ్లన్నీ ముందే మాట్లాడుకున్నారు.

హనుమయ్య బస్సెక్కి పోయాడు. ఝాన్సీలక్ష్మికి బస్సు మెట్టు ఎక్కే ఓపిక లేదు.

“పర్లేదులేవే, ఒక్కరోజుకేమయిద్ది,” అంది ఫోనులో.

* * *

ఏమైందో సబీహా శుక్రవారం చూసింది. డబ్బాలో ఆయిలు నిండుగా పోసుకుని, సీటు కింద ఇంకా రెండు బాటిళ్ళు పెట్టుకుని, ప్రతి మలుపుకీ ముందే బండి నెమ్మది చేసుకుంటూ ఈపూరు చేరింది. ఝాన్సీలక్ష్మి రోడ్డు మీద లేదు. ఇంటి దగ్గర, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా అట్టాగే కూర్చుందట. మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి. చెప్పులు కాళ్ళకు పట్టక వాటిని చేత్తో పట్టుకుంది. సబీహా, హనుమయ్య చెరోవైపు పట్టుకుని ఎక్కించారు. హనుమయ్య ఆ ఎడమ చేతిని కూడా పెట్టాడు. ‘పెదనాన్నా, ఆ చెయ్యి’ అని సబీహా అంటున్నా వినలేదు.

దారంతా ఝాన్సీలక్ష్మి ఒక్క మాట మాట్లాడలేదు. దగ్గడం, మళ్ళీ ఊపిరి తీసుకోవడం. ఆ ఊపిరి చప్పుడు వింటూ సబీహా ఎన్నడూ లేనంత వేగంగా తోలింది. భుజం నొప్పి తెలియలేదు.

“ఒకటి మానితే ఇట్టాగే ఉండిద్దని చెప్పలేదా మీకు?” ఆసుపత్రిలో నర్సు సబీహా మీద కేకలేసింది. “ఇంకో పూట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. ఎవరు నువ్వు, ఆమెకేమైతావు?”

“డ్రైవర్ని,” అంది సబీహా.

ఇద్దరినీ యంత్రాలకు తగిలించాక ఆమె బయటికి వచ్చి నిలబడింది. తర్వాత బండి తీసుకుని, మంచి మెకానిక్ ఎక్కడని అడుగుతూ అడుగుతూ, వినుకొండ రోడ్డులో నాగూర్ వలి షెడ్డుకు పోయింది. తెల్ల గడ్డం, మెడలో కళ్ళజోడు తాడు. బండిలోంచి దిగింది ఆడమనిషని చూసి కూడా ఆయన ఏమీ అనలేదు. “ఏం చేస్తోందమ్మా?” అనడిగాడు బండి గురించి, అంతే.

గుంట మీదికి బండి ఎక్కించి కిందికి దిగాడు. డీజిలు గుడ్డతో పంపు, పైపు శుభ్రంగా తుడిచి, ఆమెను స్టార్ట్ చెయ్యమన్నాడు. ఆపమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు.

“ఎవరు చేశారమ్మా ఇది?”

“మా మరిది. కొత్త పైపు వేశాడు. పంపు పోయిందన్నాడు చాచా.”

“దిగి రా.”

ఆమె గుంటలోకి దిగింది. ఆయన పంపు నుంచి కిందికి వచ్చే లావుపాటి రబ్బరు పైపును బొటనవేలి గోరుతో గీకాడు. గోరు కింద నల్ల రంగు లేచింది. రంగు కింద రబ్బరు ఎండిన చెరువులా పగుళ్ళు.

“కొత్తది కాదు. కొత్తగా కనపడేట్టు చేసింది.” పైపును పంపుకు పట్టి ఉంచే బోల్టు మీద రెండు వేళ్ళు పెట్టాడు. స్పానర్ లేకుండానే బోల్టు తిరిగింది. “ఇది చూడు. బిగించడం మర్చిపోతే ఇట్టా ఉండదమ్మా. బిగించి మళ్ళీ వదులు చేస్తేనే ఇట్టా ఉండిద్ది. దీనికి అటూ ఇటూ రాగి వాషర్లుండాలి. ఒకటే ఉంది.”

“పంపు?”

“పంపుకేం రోగం. గుర్రంలా ఉంది.”

సబీహా ఆ బోల్టు వంకే చూస్తూ నిలబడింది. పైనుంచి ఎర్ర చుక్క ఒకటి ఆమె మణికట్టు మీద పడింది.

“నీ మీద కోపంగా ఉన్నాడా ఏంది మీ మరిది?” అన్నాడు నాగూర్ వలి, మెల్లగా.

పొక్లెయిన్లకూ బోరు లారీలకూ ఆయిలు పైపులు చేసి ఇచ్చే కొట్టు ఆ వరసలోనే ఉంది. పాత పైపు కొలత, చివరల్లో ఇనుప ముక్కల సైజు ఆయన కాగితం మీద గీసి పంపించాడు. సబీహా చూస్తుండగానే కొత్త రబ్బరు పైపును కోసి, రెండు చివరలా ఇనుప తొడుగులు పెట్టి, ప్రెస్సులో పెట్టి నొక్కి ఇచ్చారు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, చల్లగా ఉంది. అది పట్టుకుని ఆమె షెడ్డుకు తిరిగి వచ్చేలోపే హనుమయ్య ఫోను. ఝాన్సీలక్ష్మికి బీపీ పడిపోయి యంత్రం ముందే ఆపేశారు, ఇల్లు చేర్చి పడుకోబెట్టమన్నారు.

“పైపు ఇప్పుడు మార్చే టయిము లేదు చాచా.”

ఆయన పాత బోల్టుకే రెండు కొత్త వాషర్లు వేసి గట్టిగా బిగించాడు. ఇంకో రెండు వాషర్లు కాగితంలో చుట్టి కొత్త పైపుతో పాటు ఇచ్చాడు. “ఇంటిదాకా పోయిద్ది. తర్వాత ఇది వేయించుకో. ఎవరితో వేయించుకుంటావో చూసుకో అమ్మా.”

* * *

దారి పొడుగునా ఆమె మనసులో మోయిన్‌తో తగువాడుతూనే ఉంది. బండి కావాలంటే అడగొచ్చుగా. డ్రైవర్ని పెట్టి తిప్పుకోవాలని ఉంటే మొహాన చెప్పొచ్చుగా. అన్న మంచాన పడితే వదిన నోటికాడ కూడు లాక్కునేవాడివా. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆ మాటలన్నీ నోటి చివరే ఉన్నాయి.

మోయిన్ వసారాలోనే ఉన్నాడు, అన్న కాళ్ళ దగ్గర స్టూలు మీద. సబీహా వాళ్ళిద్దరి మధ్య కొత్త పైపు పడేసింది. గచ్చు మీద ఠంగుమంది.

“ఇదేంది భాభీ?”

“పైపు. కొత్తది ఎట్టా ఉండిద్దో నీకు చూపిద్దామని తెచ్చా.”

మోయిన్ మొహంలో రక్తం లేదు. నోరు తెరిచాడు గానీ ఆమె వైపు చూడలేదు. జావీద్ వైపు చూశాడు. ఆ చూపు చూసేసరికి సబీహాకు దారంతా కూడబెట్టుకున్న మాటలు ఎటు పోయాయో పోయాయి.

“వాణ్ణేమీ అనమాక,” అన్నాడు జావీద్. “నేనే చెప్పా.”

“ఏం చెప్పారు?”

“బాగుచెయ్యొద్దని.”

ఎదురింట్లో టీవీలో ఎవరో నవ్వుతున్నారు. సబీహా గుమ్మానికి ఆనుకుంది.

“స్టీరింగు పట్టెయ్యదు. బరువైద్దంతే,” అన్నాడు జావీద్, ఆమె అడిగినట్టు. “నాకు తెలుసుగా. ఏమీ కాదు. నాలుగు రోజులు చేతులు నొప్పి పుడితే నువ్వే ఆపేస్తావనుకున్నా.”

“ఎందుకు?”

అతను ఎడమ చేత్తో కుడి చేతిని తీసి ఒళ్ళో సర్దుకున్నాడు. “పొద్దున్నే తాళం తీసుకుని పోతావు. నేను ఇక్కడ పడుకుని బండి సౌండు వింటా. గేరు మార్చేది వింటా. మసీదు కాడ హారన్ కొడతావు, వింటా. ఇంక సాయంత్రం దాకా ఏమీ ఉండదు. చాయ్ కొట్టు కాడికి పోతే, జావీద్ భాయ్ పెళ్ళాం బండి బాగా తోలిద్దంటారు. నా మొహాన్నే అంటారు.” వీధిలోని బండి వైపు చూశాడు. “నేను బతికున్నట్టా సబీహా?”

“భాయ్ ఏడ్చాడు భాభీ,” అన్నాడు మోయిన్. “నేనెట్టా కాదనేది? మొదటిసారి చేశా. రెండోసారి నా వల్ల కాదన్నా. మళ్ళీ ఏడ్చాడు.”

సబీహా మరిది మాట వినిపించుకోలేదు. ఆమె చూపు జావీద్ ఎడమ చేతి బొటనవేలి మీద ఉంది. భుజం నరం వెంబడి పైకి, కిందికి తిరిగిన వేలు.

“ఝాన్సక్క ఊపిరాడక రాత్రంతా కుర్చీలో కూర్చుంది,” అంది. “చెప్పులు పట్టనంతగా కాళ్ళు వాచాయి. ఇంకో పూట ఆగితే పోయేదన్నారు. నువ్వు నా భుజానికి మందు రాసి, తెల్లారి బండి కదలదని తెలిసే పడుకున్నావు.”

పెళ్ళయ్యాక ఆమె అతన్ని ‘నువ్వు’ అనడం ఇదే మొదలు. జావీద్ ఉలిక్కిపడ్డాడు. మోయిన్ లేచి, చెప్పులు వెతుక్కుని, వేసుకోకుండానే వీధిలోకి వెళ్ళిపోయాడు.

“అంతదాకా పోయిద్దనుకోలేదు,” అన్నాడు జావీద్.

ఆమె పైపు తీసుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. ఆ పూట అన్నం కంచం మంచం పక్కన పెట్టింది గానీ, కూర కలిపి ఇవ్వలేదు.

* * *

మర్నాడు పొద్దున మోయిన్ సామాన్ల సంచీతో వచ్చాడు. పిలవలేదెవరూ. బండి ముందు జాకీ పెట్టి ఎత్తి, చక్రాలు రెండూ గాల్లో ఉండేట్టు కింద దిమ్మలు పెట్టాడు. అట్టముక్క పరుస్తుంటే సబీహా పాత బట్టల్లో బయటికి వచ్చింది, జుట్టు ముడేసుకుని.

“నేను బిగిస్తా భాభీ. పక్కాగా చేస్తా. ఖుదా మీద...”

“ఒట్లు వద్దు. ఏ స్పానరో చెప్పు. నేను బిగిస్తా.”

“నీకెందుకు...”

“రేపు మళ్ళీ కారితే నాకు తెలియాలిగా, కారిందో, కార్చారో.”

అతను స్పానర్ ఇచ్చాడు. సబీహా బండి కిందికి దూరింది. బోల్టు నిన్న నాగూర్ వలి బిగించింది కాబట్టి తొందరగా లొంగలేదు. స్పానర్ జారి వేలి కణుపు చీరుకుంది. “కిందికి కాదు, నీ వైపుకు లాగు,” అని మోయిన్ పక్కనుంచి చెప్పాడు. లాగింది. బోల్టు వదిలాక పైపులో మిగిలిన నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా, అక్కడి నుంచి చంకలోకి కారింది. పాత పైపు ఊడదీసి పక్కకు విసిరింది. కొత్త పైపు చివర పెట్టి, బోల్టుకు ఒక వాషర్ ఎక్కించి, పైపు తొడిగి, రెండో వాషర్ పెట్టి వేళ్ళతో మర ఎక్కించింది. మర సరిగ్గా పట్టిందా లేదా అని వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించింది. తర్వాత స్పానర్. రెండో చివర కూడా అంతే. పైపు ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా క్లిప్పులో కూర్చోబెట్టమన్నాడు మోయిన్. కూర్చోబెట్టింది.

మోయిన్ డబ్బాలో ఆయిలు పోశాడు. “ఇప్పుడు గాలి పోవాలి భాభీ. ఒకళ్ళు స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పతా ఉండాలి. నేను ఆయిలు తగ్గేకొద్దీ పోస్తా. నువ్వు కిందే ఉండి కారతందేమో చూడు. ఆగు, ఎవర్నన్నా పిలుచుకొస్తా.”

అతని అడుగులు రెండు పడి ఆగిపోయాయి. వసారాలో మంచం కిర్రుమంది. సబీహా పడుకున్న చోటి నుంచి నేల మట్టంగా వీధి, గచ్చు మెట్టు, గోడ అడుగు మాత్రమే కనపడుతున్నాయి. మెట్టు మీదికి ఒక పాదం దిగింది. పక్కన చేతికర్ర కొస. ఆ తర్వాత రెండో పాదం, మడమ నేలను గీసుకుంటూ. మళ్ళీ మొదటిది. ఆ పాదాలు బండి పక్కకు వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాయి.

వద్దని ఆమె అనలేదు. రమ్మని కూడా అనలేదు.

“మెల్లగా భాయ్,” అన్నాడు మోయిన్. చాలాసేపు పట్టింది. డ్రైవరు సీటు స్ప్రింగులు బరువుకు కిందికి దిగిన చప్పుడు నెత్తి మీద వినపడింది.

ఇంజను ఆపి ఉండగానే ముందు తిప్పమన్నాడు మోయిన్. సబీహా తల పక్కనున్న చక్రం చిన్నగా అదిరి ఆగింది. మళ్ళీ అదిరింది. ఒంటిచేత్తో లాగి, జారకుండా ఎక్కడో అదిమిపట్టి, మళ్ళీ లాగుతున్నాడని తెలుస్తోంది. పైన అతని ఊపిరి ఎగపోసుకోవడం వినపడుతోంది. చక్రం అంగుళం అంగుళం పక్కకు పోయి, అంగుళం అంగుళం తిరిగొచ్చింది. డబ్బాలో బుడగలు వస్తున్నాయని, ఆయిలు దిగుతోందని మోయిన్ చెబుతున్నాడు.

“ఇప్పుడు స్టార్ట్ చెయ్యి భాయ్.”

ఇంజను అందుకుంది. చక్రం కదిలింది. ఈసారి అదురు లేదు. మెత్తగా కుడివైపు చివరి దాకా పోయింది. అక్కడ ఒక క్షణం ఆగి, మెత్తగా ఎడమవైపు చివరి దాకా వచ్చింది. సబీహా టార్చి వెలుగు బోల్టు మీద పెట్టి, చుట్టూ వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది. రెండో చివర చూసింది. పొడిగా ఉంది.

“చాలు భాయ్, గాలి పోయింది,” అన్నాడు మోయిన్.

చక్రాలు ఆగలేదు. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. ఒక్క చెయ్యి ఉన్న మనిషి కూడా తిప్పగలిగేంత తేలికగా.

“భాయ్, చాలన్నాగా.”

ఇంకొంచెంసేపు తిరిగాయి. సబీహా టార్చి ఆర్పి, వాటినే చూస్తూ కదలకుండా పడుకుంది. ఆ చక్రాలు చూస్తుంటే గుండెలో ఏదో కదిలిన మాట నిజమే. ఝాన్సీలక్ష్మి చేత్తో పట్టుకున్న చెప్పులు కళ్ళ ముందు నుంచి పోలేదన్న మాట కూడా నిజమే.

ఇంజను ఆగింది. పాదాలు కిందికి దిగి, ఆమె తల దగ్గర నిలబడ్డాయి.

“కారతందా?” అన్నాడు జావీద్.

“లేదు.”

ఇంకేదో అంటాడని పాదాలు చూస్తే అనిపించింది. కర్ర తిరిగింది. మడమ నేలను గీసుకుంటూ మెట్టు వైపు పోయింది.

* * *

సోమవారం ఆమె హనుమయ్యను ఎక్కించుకుని వచ్చి ఈపూరు సెంటరులో తిరిగింది. తిరగడమంటే, దారంతా జాగ్రత్తగానే తోలినా ఇక్కడ అలవాటు కొద్దీ భుజం బిగబట్టి, సీట్లోంచి లేచి, ఒళ్ళంతా పెట్టి లాగింది. టవేరా గిర్రున తిరిగి రోడ్డు దిగి, పాలబూత్ ముందున్న బల్ల దాకా పోయి ఆగింది. బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఎగిరి అవతల పడ్డారు.

“నిమ్మళంగా అమ్మాయ్!” హనుమయ్య రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నాడు. “ఏంది ఆ లాగుడు! ఎద్దును లాగినట్టు!”

“బాగైంది పెదనాన్నా. నా చేతులకింకా తెలియలా.”

వెనక్కి తీసి, ఈసారి వేళ్ళతో మాత్రమే తిప్పింది. బండి చెప్పినట్టు విన్నది. ఆమె భుజం మాత్రం బిగుసుకునే ఉంది.

ఝాన్సీలక్ష్మి రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉంది, కాళ్ళకు చెప్పులతో. ఎక్కి, తలుపు వేసుకుని, నవ్వింది.

“సప్పుడు లేదేందే మీ టవేరా. పోయిన వారం ఏడ్చిందిగా. ఏం రోగమంట?”

ఏదన్నా చెప్పొచ్చు. పైపు పాతదైందని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు. సబీహా గేరు మీద చెయ్యి వేసి తీసేసింది.

“దానికి రోగం లేదు అక్కా. ఆ బుధవారం బండి చెడిపోలా. చెడగొట్టారు. మా ఇంట్లోనే.”

“ఎవరు?”

“జావీద్. నేను బండి మానుకోవాలని.”

 ఝాన్సీలక్ష్మి నవ్వు మొహం మీద అట్టాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. కాసేపటికి పోయింది. ఆమె కిటికీ వైపు తిరిగింది.

“బండి పోనీ,” అంది. “టయిమైంది.”

సబీహా నరసరావుపేట వైపు బండి పోనిచ్చింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీల్లోంచి వచ్చి పోతోంది. ఝాన్సీలక్ష్మి ఎక్కడో ఒకచోట ఆపమంటుందని, దిగి ఇంకో బండి చూసుకుంటానంటుందని సబీహా ప్రతి ఊరి దగ్గరా అనుకుంది. ఎవరికైనా చెబుతుందని, కేసు పెడుతుందని కూడా అనుకుంది. పెడితే పెట్టనీ అనుకుంది.

ఆసుపత్రి ముందు బండి ఆగింది. హనుమయ్య దిగి, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. ఝాన్సీలక్ష్మి తలుపు తీసి, కాళ్ళు కింద పెట్టి, దిగకుండా అట్టాగే కూర్చుంది.

“మీ ఆయన మొహం ఇప్పుడప్పుడే నాకు చూపించమాక,” అంది వెనక్కి తిరక్కుండా.

“సరే.”

“నువ్వింట్లో ఎట్టా ఉంటన్నావే?”

 ఎట్టా ఉంటోందో సబీహాకే ఇంకా తెలియదు. ఝాన్సీలక్ష్మి ఆమె జవాబు కోసం ఆగలేదు. చెయ్యి చాచింది. సబీహా ఇటువైపు దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్ల దాకా నడిచారు. మెట్టు ఎక్కబోతూ ఝాన్సీలక్ష్మి ఆగింది.

“ఎల్లుండి నువ్వే గదా వచ్చేది?”

“నేనే అక్కా.”